పాపాయి నవ్వు మసకబారనివ్వకండి

"ముఖం కనవడ్తలేదంటుండమ్మా వాళ్ల నాయిన. ఎన్ని తీసి పంపినా అట్లనే వస్తున్నయి."

ఖిల్లా ఘణపూర్‌లో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న బాలింత చెప్పిన మాట ఇది. కొండమీది కోట, కింద గణపసముద్రం చెరువు చూసొద్దామని వెళ్లినవాళ్లం, మంచినీళ్ల కోసం ఆ ఇంటి ముందు ఆగాం. ఆమె ఒళ్లో మూడు నెలల పాప. భర్త పనికోసం ముంబై వెళ్లి ఆరు నెలలు. అంటే బిడ్డ పుట్టాక ఇంకా కళ్లారా చూసుకోలేదన్నమాట. పాలమూరు పల్లెలకు వలస కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు కూలీల చెమట ఉందని పెద్దలు చెబుతుంటారు. ఒకప్పుడు ఇంటి కబురు ఉత్తరంలో వెళ్లేది. ఇప్పుడు సెల్‌లో వెళుతోంది. కానీ వెళ్లిన ఫోటోలో బిడ్డ ముఖమే లేకపోతే?

సెల్ తీసుకుని చూశాం. నలభై ఫోటోలు ఉన్నాయి. ఒకదాంట్లో తొట్టెల గుడ్డ మీది పువ్వులు స్పష్టంగా ఉన్నాయి, బిడ్డ ముఖం పొగమంచు. ఇంకోదాంట్లో రెండు చేతులు నాలుగైనట్టుంది. మిగతావన్నీ పాలు కలిపినట్టు తెల్లగా, మసగ్గా. "సెల్లు ఖరాబైందేమో, కొత్తది కొనాల్నంటవా?" అని అడిగిందామె. కొత్త సెల్ అంటే ఆ ఇంటికి మాటలా!

సెల్ వెనక్కి తిప్పి చూస్తే సంగతి తెలిసింది. బిడ్డకు నూనె రాసిన చేత్తోనే సెల్ పట్టుకుంటోంది. లెన్స్ మీద నూనె జిడ్డు అట్టకట్టింది. మెత్తటి నూలుగుడ్డతో తుడిచాం. చీకటి గదిలోంచి పాపను తలుపు దగ్గరికి తెచ్చి, వెలుతురు ముఖం మీద పడేలా పడుకోబెట్టాం. తెరమీద పాప కన్ను దగ్గర వేలితో తాకి తీశాం. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు! ఆ ఫోటో వెళ్లిన కాసేపటికే సెల్ మోగింది. అవతలినుంచి ముందు ఏ మాటా లేదు. తర్వాత వినిపించింది: "కండ్లు మా అమ్మ లెక్కనే ఉన్నయి."

అందుకే ఈ వారం ఈ నాలుగు మాటలు.

చిన్న విషయమేనా?

పసిపిల్లల ఫోటో గురించి ఇంత చెప్పాలా అనిపించొచ్చు. చెప్పాలి. ఎందుకంటే ఇవాళ చాలా ఇళ్లల్లో బిడ్డ తొలి ఏడాదిని పదిలపరిచేది అమ్మ చేతిలో ఉన్న సెల్లే. స్టూడియోకు వెళ్లేది ఏ పుట్టినరోజుకో, పుట్టువెంట్రుకలు తీయించినప్పుడో. మిగతా రోజులన్నీ అమ్మ తీసినవే మిగులుతాయి. ఆ రోజులు తిరిగి రావు. మూడో నెలలో బోసినవ్వు ఆరో నెలలో అలాగే ఉండదు. పన్ను వచ్చాక మళ్లీ బోసినోరు చూపించమంటే ఎక్కడ తెస్తాం?

ఇక అవసరాల సంగతి. ఐదేళ్లలోపు పిల్లలకిచ్చే నీలిరంగు ఆధార్‌కు వేలిముద్రలు, కంటిపాప గుర్తులు తీసుకోరు. ఫోటో మాత్రమే తీస్తారు. పసిబిడ్డకు పాస్‌పోర్టు కావాలన్నా ఫోటో స్పష్టంగా ఉండాల్సిందే. ఇలా ముద్దుకోసమే కాదు, కాగితాలకోసం కూడా పాపాయి ముఖం తేటగా పడాలి.

"పసిబిడ్డకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుంది" అనే మాట ఇంకా కొన్ని ఇళ్లల్లో వినిపిస్తుంది. ఫోటో అంటే వస్తువు మీదనుంచి వచ్చే వెలుతురును పట్టి ఉంచడం, అంతే. బిడ్డ నుంచి అది తీసుకునేదేమీ లేదు. పెద్దవాళ్లతో వాదనెందుకు? ఫోటోకు ముందు దిష్టిచుక్క పెట్టమని అవ్వకే అప్పజెప్పండి. చుక్క అందంగానూ ఉంటుంది, అవ్వ మనసూ కుదుటపడుతుంది.

ముసుగులో అమ్మలు

పిల్లల్ని కదలకుండా ఫోటో తీయడమన్నది ఈనాటి తంటా కాదు. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైన కొత్తల్లో ఒక్క బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. పెద్దవాళ్లకే కష్టం, చంటిపిల్లలకు ఎలా కుదురుతుంది? అందుకే 19వ శతాబ్దంలో ఐరోపా, అమెరికా స్టూడియోల్లో ఒక ఉపాయం పన్నారు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నెత్తి మీదనుంచి గుడ్డ కప్పేసి, ఆ ఒళ్లో బిడ్డను పెట్టి ఫోటో తీసేవాళ్లు. అమ్మ బిడ్డను కదలకుండా పట్టుకునేది. చూసేవాళ్లకు మాత్రం గుడ్డ కప్పిన కుర్చీలా కనిపించేది! ఆనాటి ఫోటోలు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది, కాస్త గుండె చివుక్కుమంటుంది కూడా. బిడ్డను పట్టుకున్న చెయ్యి ఉంది, ముఖం లేదు. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి వేగంగా పనిచేసే పొడి ప్లేట్లు వచ్చాయి. రెప్పపాటులో బొమ్మ పడటం మొదలైంది. అమ్మకు ముసుగు అవసరం తప్పింది.

మన హైదరాబాద్‌లోనూ చెప్పుకోదగ్గ ముచ్చట ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల మగవాళ్లు అడుగుపెట్టకూడదు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. పరాయి మగవాడి ముందు కూర్చోలేని ఆడవాళ్లకు కెమెరా పట్టుకున్న ఇంకో ఆడమనిషి దొరికింది. అంటే నూటముప్పై ఏళ్ల క్రితమే మన గడ్డమీద తెలిసిపోయింది, కెమెరా ఆడవాళ్ల చేతికొస్తే అంతవరకు ఫోటోలకు ఎక్కని ముఖాలు ఎక్కుతాయని. ఇప్పుడు ఆ కెమెరా ప్రతి ఇంట్లోనూ ఉంది. దాన్ని వాడే ఒడుపు తెలుసుకోవడమే మిగిలింది.

మసక ఎందుకొచ్చింది?

జ్వరం వస్తే ముందు కారణం చూస్తాం కదా, ఫోటో విషయంలోనూ అంతే. పాడైన ఫోటోను పారేసేముందు ఒక్కసారి పెద్దది చేసి చూడండి. కారణం అందులోనే ఉంటుంది.

ఫోటో అంతా పాలపొర కప్పినట్టుండి, దీపం వెలుగు చుట్టూ చెదిరినట్టుంటే లెన్స్ మురికిగా ఉందన్నమాట. నూనె, పౌడరు, చేతి జిడ్డు ఏదైనా కావొచ్చు. ఉతికిన మెత్తటి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. జరీ కొంగుతో, గరుకు గుడ్డతో రుద్దకండి.

పక్కనున్న దిండో, వెనకనున్న గోడో తేటగా ఉండి, పాప ముఖం మాత్రం మసగ్గా ఉంటే ఫోకస్ తప్పింది. కెమెరాకు మీ పాపే ముఖ్యమని తెలియదు. మీరే చెప్పాలి. తెరమీద కంటి దగ్గర వేలితో తాకండి. ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటే మనకు దగ్గరగా ఉన్న కన్ను మీద తాకాలి. కన్ను తేటగా పడితే చెవి కొంచెం మసకబారినా ఎవరూ పట్టించుకోరు. ముక్కు తేటగా ఉండి కన్ను మసకైతే మాత్రం ఫోటోలో ప్రాణం ఉండదు.

మిగతావన్నీ తేటగా ఉండి చేతులు, కాళ్లు, ముఖం చెరిపేసినట్టుంటే పాప కదిలింది. వెలుతురు చాలనప్పుడు కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ లోపల పాప చెయ్యి ఆడిస్తే ఆ ఆట అంతా గీతలుగా పడుతుంది. దీనికి మందు వెలుతురే.

ఫోటో అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే కదిలింది పాప కాదు, మన చెయ్యి. రెండు చేతులతో సెల్ పట్టుకుని, మోచేతులు పొట్టకు ఆనించండి. గోడకు చేరగిలబడితే ఇంకా మంచిది. సందడి మధ్యలో ఒంటిచేత్తో, నిలబడి, వంగి తీస్తే ఎంత ఖరీదు సెల్ అయినా ఒకటే.

వెలుతురు మన ఇంట్లోనే ఉంది

రాతిగోడల ఇళ్లల్లో లోపల గది చల్లగా ఉంటుంది, చీకటిగానూ ఉంటుంది. ఆ గదిలో బల్బు కింద ఫోటో తీయకండి. పాపను కిటికీ దగ్గరికో, గడప లోపలికో తీసుకురండి. నేరుగా ఎండ పడకూడదు. నీడలో ఉండి, బయటి వెలుతురు పక్కనుంచి ముఖం మీద పడాలి. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం నీరెండ వేళ మంచిది. వెలుతురు పడని వైపు మరీ నల్లగా ఉంటే, అటుపక్క తెల్లటి పంచెనో దుప్పటినో ఎవరినైనా పట్టుకోమనండి. వెలుతురు దాని మీద పడి తిరిగి ముఖం మీదికి వస్తుంది. సున్నం వేసిన గోడ పక్కనే ఉంటే అదీ అక్కర్లేదు. స్టూడియోవాళ్లు గొడుగులు పెట్టి చేసేది ఇదే.

ఫ్లాష్ వేయాలా? మామూలు ఫ్లాష్ వల్ల బిడ్డ కళ్లు పాడవుతాయనడానికి ఆధారం లేదు. కానీ ముఖానికి దగ్గరగా వేస్తే ఉలిక్కిపడుతుంది, కళ్లు మూసుకుంటుంది, ముఖం పేలవంగా తెల్లబారుతుంది. కిటికీ ఉండగా ఫ్లాష్‌తో పనేముంది?

ఇంకొక సంగతి. ముద్దొచ్చి సెల్‌ను పాప ముఖం మీదికి తీసుకెళ్లిపోతాం. అంత దగ్గరికెళితే ఫోకస్ కుదరదు. కుదిరినా ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు పడతాయి. మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండి తీయండి. తెరమీద వేళ్లు సాగదీసి పెద్దది చేయడం కంటే, తీశాక చుట్టూ కత్తిరించుకోవడం నయం. పాప కళ్లకు సమానంగా మీరు కిందికి దిగండి. నిలబడి పైనుంచి తీస్తే పాప కాదు, నెత్తే పడుతుంది.

అందంగా చూపించే ఫిల్టర్లు ఆపేయండి. నున్నగా చేస్తున్నామని చర్మం మీది నూగును, కనురెప్పలను చెరిపేస్తాయవి. పసిబిడ్డ చర్మానికి ఇంకా నునుపు కావాలా చెప్పండి! చీకట్లో వాడే నైట్ మోడ్ కూడా కదిలే పిల్లలకు పనికిరాదు. ఒక్క ఫోటోతో ఆపకుండా వరసగా పది తీయండి. అందులో ఒకటి నిలుస్తుంది. మిగతా తొమ్మిదీ ఆ రోజే తీసేయండి.

ఇంట్లో పెద్ద కెమెరా ఉన్నవాళ్లకు ఒక మాట. నిద్రపోయే బిడ్డకు షట్టర్ సెకనులో 125వ వంతు చాలు. మేలుకుని చేతులాడించే బిడ్డకు 250వ వంతు, పాకే బిడ్డకు 500వ వంతు కావాలి. దానికోసం ఐఎస్ఓ పెంచితే కాస్త ఇసుక చల్లినట్టుంటుంది. ఫరవాలేదు. ఇసుక పడ్డ ఫోటో నిలుస్తుంది, అలికిన ఫోటో నిలవదు.

ఇంతా చేసి వాట్సాప్‌లో పంపితే అది ఫోటోను కుదించేస్తుంది. తేటగా వెళ్లాలంటే హెచ్‌డీలో గానీ, డాక్యుమెంట్‌గా గానీ పంపండి. దూరాన ఉన్న నాన్నలకు ఈ ఒక్కటీ తెలిసినా సగం బాధ తీరుతుంది.

బిడ్డ వేళే మన వేళ

పాలు తాగి, నిద్రపోయి లేచిన బిడ్డ ముఖం ఎంత తేటగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫోటోకు అదే ముహూర్తం. ఆకలి మీద, నిద్ర ముంచుకొచ్చే వేళ ఎన్ని గిలకలు ఆడించినా లాభం లేదు.

తొలి వారాల్లో బిడ్డకు జానెడు, జానెడున్నర దూరంలో ఉన్నవే కాస్త తేటగా కనిపిస్తాయి. దూరంనుంచి "ఇటు చూడు" అంటే చూడదు పాపం. అమ్మ ముఖం దగ్గరగా ఉంచి, పక్కనుంచి ఇంకొకరు తీస్తే ఆ చూపు దొరుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మనిషిని చూసి నవ్వడం మొదలవుతుంది. మూడు నాలుగు నెలలకు మెడ నిలుపుతుంది. అప్పుడు బోర్లా పడుకోబెట్టి, మనమూ నేలమీద పడుకుని తీస్తే తల ఎత్తిన ఫోటో వస్తుంది. ఏడో నెల దాటి కూర్చున్నాక ఎదురుగా ముఖం దొరుకుతుంది. పాకడం వచ్చాక మాత్రం వెంటపడకండి. గడప దగ్గర కూర్చుని, బిడ్డే మీ వైపు వచ్చేలా పిలవండి.

వెనకాల పాత నూలుచీర ఒకటి పరిస్తే చాలు. పెద్ద పువ్వుల దుప్పటి వేస్తే చూపు పువ్వుల మీదికి పోతుంది. ఒకప్పుడు మన ఇళ్లల్లో కడుపుతో ఉన్నవాళ్ల గదిలో తెల్లటి, బొద్దు పాపాయి పోస్టర్లు అంటించేవాళ్లం. ఆ పోస్టర్ పాపలా మన పాప లేదని దిగులుపడి, ఫోటోలో రంగు తెల్లబరిచే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. చామనఛాయ ముఖం మీద కిటికీ వెలుతురు ఎంత నిండుగా ఉంటుందో ఒక్కసారి మార్చకుండా చూడండి.

ఫోటో కోసం బిడ్డ కాదు

ఇప్పుడు చిన్న పట్టణాలకూ పసికందుల ఫోటో షూట్లు వచ్చేశాయి. బుట్టలో, కుండలో, ఉయ్యాల్లో రకరకాల భంగిమలు. స్తోమత ఉన్నవాళ్లు తీయించుకుంటే తప్పులేదు. కానీ ఒక హెచ్చరిక. చేతుల మీద గడ్డం ఆనించి బిడ్డ కూర్చున్నట్టుండే ఫోటోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. ఆ ఫోటోల్లో తలను పెద్దవాళ్ల చెయ్యి పట్టుకునే ఉంటుంది. రెండు ఫోటోలు కలిపి ఆ చెయ్యిని తర్వాత చెరిపేస్తారు. పసిబిడ్డ మెడ తల బరువు ఆపలేదు. గడ్డం రొమ్ముకు ఆనేలా ముడుచుకుంటే ఊపిరి ఇబ్బందవుతుంది. బట్టలు విప్పి ఎక్కువసేపు ఉంచితే ఒళ్లు చల్లబడుతుంది. ఎత్తుమీద పడుకోబెట్టి "ఒక్క సెకను" అని చెయ్యి వదిలే అలవాటు అసలే వద్దు.

ఇంకొకటి. స్నానం ఫోటోలు, ఒంటిమీద బట్టలేని ఫోటోలు ఇంటివాళ్ల మధ్యే ఉండనివ్వండి. ఊరందరికీ కనిపించే చోట పెట్టకండి. ఒకసారి బయటికెళ్లిన ఫోటో మన చేతిలో ఉండదు. రేపు పెద్దయ్యాక ఆ బిడ్డ "నన్నడిగారా?" అంటే జవాబుండాలి కదా!

అయితే మసకబారిన ప్రతి ఫోటో పారేయాలా? అక్కర్లేదు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఇంగ్లీషావిడకు 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురు కెమెరా కానుకగా ఇచ్చింది. పిల్లల్ని, పెద్దల్ని ఆవిడ మెత్తని మసకతోనే తీసింది. ఫోకస్ తెలియదని ఆనాటివాళ్లు వెక్కిరించారు. ఇవాళ ఆ ఫోటోలు మ్యూజియంలలో ఉన్నాయి. తెలిసి చేసిన మసక వేరు, జిడ్డువల్ల వచ్చిన మసక వేరు. ముందు తేటగా తీయడం నేర్చుకుందాం, తర్వాత మన ఇష్టం.

తీసినవాటిలో నెలకు ఒక్కటైనా కాగితం మీద అచ్చు వేయించండి. సెల్ పోతే, నీళ్లలో పడితే ఏడాదంతా పోతుంది. నెలకొకటి చొప్పున పన్నెండు కాగితాలు, వెనకాల తేదీ, ఊరు, బిడ్డకు అప్పుడు ఎన్ని నెలలో. అంతకుమించిన ఆల్బం ఏముంది?

అమ్మ ఏదీ?

చివరిగా, అసలు మాట. ఖిల్లా ఘణపూర్‌లో ఆ అమ్మాయి సెల్‌లోని నలభై ఫోటోల్లో పాప ఉంది, అవ్వ ఉంది, పక్కింటి పిల్లలున్నారు. అమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. తీసేది ఆమే కాబట్టి. ఆనాటి అమ్మలను గుడ్డ కప్పి దాచారు. మనమేమో సెల్ వెనక మనకు మనమే దాక్కుంటున్నాం. రేపు ఆ పాప పెద్దదై "నేను పుట్టినప్పుడు నువ్వెట్లుంటివే అమ్మా?" అని అడిగితే చూపించడానికి ఒక్కటి ఉండొద్దూ?

వచ్చేముందు సెల్ మేం అందుకుని "నువ్వూ దిగు" అన్నాం. "నాదెందుకమ్మా, నెత్తి గూడ దువ్వుకోలే" అంటూ కొంగు సర్దుకుంది. లోపలినుంచి అత్తగారు వచ్చింది. "దిగు బిడ్డా, వాడు నిన్ను గూడ సూడాలె గద" అంది. అత్తగారే పాప తల సరిచేసింది. గడప మీద కూర్చున్న తల్లి, ఒళ్లో బిడ్డ. పక్కనుంచి సాయంత్రపు వెలుతురు. ఇద్దరి కళ్లూ తేటగా పడ్డాయి.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ సెల్ ఇంకొకరి చేతికివ్వండి. ఆయనకో, ఆడపడుచుకో, అత్తగారికో ఎవరికైనా సరే. లెన్స్ తుడవమని, కన్ను మీద తాకమని చెప్పండి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని మీరూ ఒక ఫోటో దిగండి. జుట్టు చెదిరి ఉంటే ఉండనీయండి.